ఇంటికొచ్చిన సరుకులు గడప దగ్గర ఎలా దించుకోవాలి

సూపర్‌మార్కెట్ సరుకులు ఇంటికి తెప్పించుకునే ఇళ్ళలో ఆర్డర్ పెట్టేది ఒకరు, తలుపు తీసేది ఇంకొకరు. ఫోన్‌లో చిట్టా రాసిన మనిషి ఆ వేళకి ఆఫీసులో ఉంటుంది. ఇంట్లో ఉండేది అత్తగారో, అమ్మో, బడి నుంచి వచ్చిన పిల్లాడో. అటువైపు కూడా అంతే. షాపులో సరుకు ఏరి సంచుల్లో సర్దినవాళ్ళు వేరు, బండి మీద మోసుకొచ్చిన అబ్బాయి వేరు. అంటే గడప దగ్గర ఎదురుపడే ఇద్దరికీ ఆ సంచుల్లో ఏముండాలో సరిగ్గా తెలియదు. తక్కువ వచ్చినా, మారిపోయి వచ్చినా, పాడైనా చాలావరకు కారణం ఇదే. కాబట్టి చేయాల్సిన పనల్లా, ఆ తెలిసిన సంగతిని తలుపు దాకా చేర్చడం.

మా అమ్మ రాజమండ్రిలో ఒక్కతే ఉంటుంది. నెల సరుకులు హైదరాబాదు నుంచి నేను పెడతాను. ఒక మే నెలలో పగలు పదకొండింటికి సరుకులొచ్చాయి. నాలుగు కాగితపు సంచులు, వాటి పక్కన లోపల వెండిరంగు పొర ఉన్న మందపాటి సంచి ఒకటి. అమ్మ నాలుగు సంచులూ లోపలికి తీసుకెళ్ళి సర్దుకుంది. ఆ ఐదోది మాత్రం తెచ్చిన అబ్బాయిదనుకుంది. మరిచిపోయాడు పాపం, మళ్ళీ వస్తాడులే అని ఎండ తగలకుండా వరండాలో కుర్చీ కింద పెట్టింది. సాయంత్రం నాలుగింటికి నేను ఫోన్ చేసి "ఇడ్లీ పిండి ఫ్రిజ్‌లో పెట్టావా అమ్మా?" అంటే, "పిండెక్కడొచ్చిందే?" అంది. తెరిచి చూస్తే ప్యాకెట్ బంతిలా ఉబ్బి ఒక అంచున చీలింది. పెరుగు నీళ్ళు విడిచింది. పనీర్ ముట్టుకుంటే వెచ్చగా ఉందట. అన్నీ పారబోసింది. పోయిన డబ్బు కంటే "నాకు తెలియలేదే" అని ఆమె వారం రోజులు మథనపడటం నాకు ఎక్కువ బాధనిపించింది. చెప్పాల్సింది నేను, చెప్పలేదు. ఆ రోజు నుంచి అమ్మ ఇంట్లోనూ, మా ఇంట్లోనూ ఒక పద్ధతి పెట్టుకున్నాం. అదే ఇక్కడ రాస్తున్నాను.

ఆర్డర్ పెట్టేటప్పుడే చూసుకోవాల్సినవి

మొదట టైము. స్లాటు ఎంచుకునే వీలుంటే మార్చి నుంచి జూన్ దాకా పొద్దున తొమ్మిదిలోపు గానీ, పొద్దుగూకాక గానీ పెట్టండి. పాలు, పెరుగు, చికెన్ లాంటివి 5 డిగ్రీల లోపు ఉండాలి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. చల్లని పదార్థం బయట రెండు గంటలకు మించి ఉండకూడదనేది మామూలు లెక్క. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజు అది గంటే. మన ఊళ్ళలో వేసవిలో 40 దాటుతుంది కదా. బండి మీద ఎంతసేపు తిరిగిందో మనకు తెలియదు కాబట్టి ఆ గంటలో సగం దారిలోనే అయిపోయిందనుకుని పని చేయాలి. వానాకాలంలో సాయంత్రం స్లాటు వద్దు. తడిసిన అట్టపెట్టె అడుగు ఊడి, నాలుగో మెట్టు మీద కందిపప్పు పరుచుకోవడం నేను కళ్ళారా చూశాను.

రెండోది బదులు సరుకు. 'ఇది లేకపోతే ఇంకొకటి పంపమంటారా' అని చాలా యాప్‌లు అడుగుతాయి. కొట్టువాళ్ళకు వాట్సాప్‌లో చిట్టా పంపినా ఇదే సంగతి. సబ్బులకు, బిస్కెట్లకు సరే అనండి. వంట సరుకులకు వద్దనే చెప్పండి. ఇడ్లీ రవ్వ అడిగితే ఉప్మా రవ్వ వస్తుంది. షాపులో ఏరే కుర్రాడికి రెండూ రవ్వలే. ఇడ్లీ రవ్వ బియ్యంది, ఉప్మా రవ్వ గోధుమది, ఒకదాని పని ఇంకొకటి చేయదు. మినపగుళ్ళు అడిగితే పొట్టు మినపప్పు రావడం ఇంకా మామూలు. వరలక్ష్మీ వ్రతానికో, ఉగాదికో కావలసినవైతే కనీసం రెండు రోజుల ముందు తెప్పించుకోండి. పండగ ముందురోజు సాయంత్రం కొబ్బరికాయ కుళ్ళిందని తెలిస్తే ఎవరికీ ఏమీ చేయడానికి ఉండదు.

మూడోది అడ్రసు. ఇంటి నంబరు ఒక్కటీ రాస్తే మన దగ్గర దారి దొరకదు. ఇంటి నంబర్లు కొన్ని వీధుల్లో వరసలో ఉండవు, పాతవీ కొత్తవీ కలిసి ఉంటాయి. మ్యాపులో గుర్తు సరిగ్గా మీ గేటు మీద ఉందో లేదో ఒకసారి దగ్గరగా చూసి జరపండి, వెనక సందులో ఉంటే వచ్చేవాళ్ళు అటే పోతారు. ఆ తర్వాత మనిషి కంటికి కనిపించే గుర్తు రాయండి: 'ఆంజనేయస్వామి గుడి ఎదురు సందు, ఎడమ చేతి మూడో గేటు, నీలం రంగు, మొదటి అంతస్తు' అని. అపార్ట్‌మెంటైతే బ్లాకు, అంతస్తు, ఫ్లాటు, సామాన్ల లిఫ్టు ఎటుందో కూడా. లిఫ్టు లేకపోతే లేదని ముందే రాయడం మర్యాద. ఇంట్లో ఉండేవాళ్ళ ఫోన్ నంబరు రెండో నంబరుగా ఇవ్వండి. గేటు యాప్ ఉన్న కాలనీల్లో ముందే అనుమతి పెట్టేస్తే, వాచ్‌మన్ ఫోన్ చేసేదాకా ఆ అబ్బాయి ఎండలో నిలబడక్కర్లేదు.

చిట్టా తలుపు దగ్గరికి రావాలి

ఈ ఒక్క పని చేస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. ఆర్డర్ పెట్టగానే అందులో ఉన్నవి తెలుగులో, ఇంట్లో పిలుచుకునే పేర్లతో రాసి తలుపు తీసేవాళ్ళకు పంపండి. యాప్ పంపిన బిల్లు కాదు, అందులో పేర్లు వాళ్ళకు అర్థం కావు. మీరే రాయండి. వాట్సాప్ చూడని పెద్దవాళ్ళైతే ఫోన్ చేసి చెప్పి, కాగితం మీద రాసుకోమనండి. నేను అమ్మకు మూడు వరసల్లో రాస్తాను. మొదటి వరసలో ఫ్రిజ్‌లోవి, అంకెతో సహా: 'చల్లవి 4: పెరుగు, పనీర్, ఇడ్లీ పిండి, బఠాణీలు'. రెండో వరసలో పగిలేవి, కారేవి. మూడో వరసలో మిగతావి. చివర్లో 'వెండిరంగు సంచి మనదే' అని ఇప్పటికీ రాస్తాను.

అమ్మ ఆ కాగితాన్ని తలుపు వెనక మేకుకు గుచ్చి, పక్కన పెన్సిలుకు దారం కట్టి వేలాడదీసింది. ఆ దారం ఆలోచన ఆమెదే. తలుపు దగ్గరికొచ్చాక పెన్సిలు కోసం వెతుక్కోవడం మానేశాక పని ఎంత తేలికైందో చూస్తే మీరూ కడతారు.

గడప దగ్గర చోటు

సంచులు నేల మీద దించితే తర్వాత ఎత్తేది పెద్దవాళ్ళ నడుమే. తలుపు బయట పక్కగా ఒక స్టూలో, చిన్న బల్లో వేయండి, మోకాలి ఎత్తుకు కొంచెం పైన ఉంటే చాలు. గడప ముందు ముగ్గు ఉంటుంది, దాని మీద సంచులు ఈడిస్తే పొద్దున్నే వేసినవాళ్ళకు ప్రాణం చివుక్కుమంటుంది. పైగా మన పెద్దవాళ్ళు గడప మీదుగా ఇచ్చిపుచ్చుకోవడానికి ఒప్పుకోరు. మా అత్తయ్యగారు గడప దాటి బయటికొచ్చి అందుకుంటారు, లేదా అతన్ని లోపలికి అడుగు పెట్టమంటారు. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళు తెలియని మనిషిని లోపలికి రమ్మనడం నాకు మంచిదనిపించదు. బయట బల్ల ఉంటే ఆ రెండు చిక్కులూ తీరతాయి. అతను బల్ల మీద పెడతాడు, మనం బల్ల మీద నుంచి తీసుకుంటాం.

బల్ల కింద పాత న్యూస్‌పేపర్లు నాలుగు, ఒక తడిగుడ్డ, ఒక ఖాళీ బుట్ట పెట్టుకోండి. వేసవిలో ఒక చెంబుడు మంచినీళ్ళు కూడా.

బెల్లు మోగాక

గ్రిల్ తలుపు ఉంటే అది వేసే ఉంచి, ఏ షాపు నుంచి, ఎవరి పేరు మీద అని అడగండి. యాప్ ఆర్డరైతే తెచ్చే మనిషి పేరు ఆర్డర్ పెట్టినవాళ్ళ ఫోన్‌లో కనిపిస్తుంది, ఆ పేరు చెప్పించుకోవచ్చు. "నువ్వెవరివి?" అని కసరక్కర్లేదు. "ఏ షాపు నుంచి బాబూ? ఎవరి పేరుందీ?" అంటే చాలు.

ఓటీపీ సంగతి ఇంట్లో అందరికీ స్పష్టంగా చెప్పి ఉంచండి. సంచులు బల్ల మీదికి వచ్చి, లెక్క సరిపోయాకే ఓటీపీ చెప్పాలి. ముందు చెబితే అందినట్టు నమోదవుతుంది, తర్వాత ఒక సంచి బండిలోనే ఉండిపోయినా మన మాట వినడం కష్టం. ఆ ఓటీపీ వచ్చిన మెసేజ్ కూడా చదవాలి. సరుకుల ఓటీపీ అయితే డెలివరీ గురించి ఉంటుంది. బ్యాంకు పేరు, మీ ఖాతా నుంచి పోయే సొమ్ము ఉంటే అది సరుకులది కాదు, ఎవరికీ చెప్పకూడదు.

అన్నింటికంటే ముందు లెక్క

సంచులు విప్పకముందే ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. "ఎన్ని సంచులు బాబూ?" అని అతన్నే అడగండి. సంచికి చీటీ అతికించి ఉంటే దాని మీద మన ఆర్డర్ నంబరే ఉందా అని చూడండి. ఒకే అపార్ట్‌మెంటుకు ఐదారు ఆర్డర్లు ఒకే బండిలో వస్తాయి. రెండో అంతస్తువాళ్ళ సంచి మనకు, మనది వాళ్ళకు పోవడం తరచూ జరిగేదే. వెండిరంగు సంచీ, బయట విడిగా వచ్చే బియ్యం బస్తా, నూనె పెట్టె, చీపురు లాంటివి విడిగా లెక్కపెట్టండి. సంచిలో పట్టనివే ఎక్కువగా బండిలో మిగిలిపోతాయి.

ప్లాస్టిక్ ట్రేల్లో తెచ్చే షాపులవాళ్ళకు ట్రేలు వెనక్కి కావాలి, అందుకే తొందరపెడతారు. ముందే ఖాళీ బుట్ట పెట్టుకోమన్నది అందుకే. గబగబా అందులోకి మార్చేస్తే అతని పని అతనికవుతుంది.

తర్వాత చల్లవి

లెక్క కాగానే చల్లవి పెట్టిన వెండిరంగు సంచి విప్పండి. అతను ఇంకా నిలబడి ఉండగా చూడాల్సినవి రెండే రెండు రకాలు: చల్లవి, పగిలేవి. ఈ రెండూ రెండు నిమిషాల పని. మిగతావి అతను వెళ్ళాక తీరిగ్గా చూసుకోవచ్చు, ఫొటో చాలు.

పాల ప్యాకెట్, పెరుగు ప్యాకెట్ అరచేతిలో పెట్టుకుంటే చల్లగా తగలాలి. ఉబ్బి ఉంటే తీసుకోవద్దు. ఇడ్లీ పిండి పులిసే పదార్థం కాబట్టి కొంచెం గాలి ఉండటం తప్పుకాదు. వేలితో నొక్కితే లోపలికి పోవాలి. డప్పులా బిగుసుకుని ఉంటే అప్పటికే పులిసిపోయింది. ఐస్‌క్రీమ్ డబ్బా పక్కలు రెండు వేళ్ళతో నొక్కండి, మెత్తగా లోపలికి పోతే కరిగిందన్నమాట. దాన్ని మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టిస్తే మంచు పలుకులు తగులుతాయి తప్ప మొదటి రుచి రాదు, అక్కడే తిరిగిచ్చేయండి. గడ్డకట్టిన బఠాణీల ప్యాకెట్ ఊపి చూడండి. గింజలు విడివిడిగా కదిలితే మంచిది. మొత్తం ఒకే రాయిలా ఉంటే మధ్యలో ఎక్కడో కరిగి మళ్ళీ గడ్డకట్టింది.

చికెన్, చేపలు, రొయ్యలు వేరే సంచిలో రావాలి. వాటి నీరు కూరగాయల మీద కారితే, పచ్చిగా తినే కీర, టమాటా, కొత్తిమీర ఇంక పనికిరావు. ఆ ప్యాకెట్‌ను తడిగుడ్డతో తుడిచి, ఒక గిన్నెలో పెట్టి, ఫ్రిజ్‌లో అన్నింటికంటే కింది అరలో పెట్టండి. చేయి కడుక్కున్నాకే మిగతా సంచులు ముట్టుకోండి.

ఇవి వెంటనే ఫ్రిజ్‌లోకి వెళ్ళిపోవాలి. ఫోన్ మోగినా, పక్కింటావిడ పలకరించినా ఇది అయ్యాకే.

పగిలేవి, కారేవి

గుడ్ల పెట్టె మూత తెరిచి పైనుంచి చూస్తే పగుళ్ళు కనపడవు. ఒక్కో గుడ్డునూ వేలి కొసతో కొంచెం తిప్పండి. తిరిగితే బాగున్నట్టు. తిరక్కుండా అట్టకు పట్టేసుకుంటే అడుగున పగిలి సొన కారి అతుక్కుపోయిందన్నమాట. ముప్పై గుడ్ల ట్రే అయినా అర నిమిషం పట్టదు. మా అత్తయ్యగారు ఇది చేస్తుంటే ఒక అబ్బాయి "ఆంటీ, ఇది మా అమ్మకి చెప్తా" అన్నాడు.

నూనె ప్యాకెట్లు తీసి న్యూస్‌పేపర్ మీద నిమిషంపాటు నిలబెట్టండి. అతుకు దగ్గర సన్నగా కారుతుంటే కాగితం మీద మరక చెబుతుంది. ఇంకో సంగతి. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. చూడటానికి అదే సైజులో ఉండి, 850 గ్రాములో, 800 గ్రాములో రాసి ఉన్న ప్యాకెట్లు కూడా వస్తున్నాయి. తక్కువ ధర చూసి ఆర్డర్ పెట్టినవాళ్ళు ఇది గమనించరు. ప్యాకెట్ వెనక నికర పరిమాణం చదవండి.

గాజు సీసాల పచ్చళ్ళు, తేనె మూత చుట్టూ వేలు తిప్పి చూడండి. జిగట తగిలితే మూత వదులైంది. కొబ్బరికాయ చెవి దగ్గర పెట్టి ఊపండి, నీళ్ళు గలగలమనాలి. మూడు కళ్ళ దగ్గర తడిగా గానీ, బూజుగా గానీ ఉంటే వద్దు.

బియ్యం బస్తా

ఇప్పుడు చాలాచోట్ల 26 కిలోల బస్తాలు వస్తున్నాయి. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి అమ్మే బియ్యానికి 5 శాతం జీఎస్టీ వేశారు, అది దాటితే లేదు. అందుకే ఆ ఒక్క కిలో పెరిగింది. బస్తా ఎంత అని రాసి ఉందో, బిల్లులో ఎంత ఉందో రెండూ చూసుకోండి. మూతి కుట్టు మిషన్‌తో వేసిన వరసగా ఉండాలి. మధ్యలో చేత్తో కుట్టినట్టుంటే, పక్కన పాత సూది రంధ్రాలు కనిపిస్తే అడగాల్సిందే. నాలుగు మూలలూ తడిమి చూడండి, ఎలుక కొరికిన చోటు ఎక్కువగా కింది మూలనే ఉంటుంది.

లిఫ్టు లేని మూడో అంతస్తుకు 26 కిలోలు భుజాన వేసుకుని ఎక్కడం ఎంత కష్టమో ఒకసారి ఊహించండి. వీలైతే బియ్యం ఒక్కటే వేరే రోజు తెప్పించుకోండి, లేదా ఇంట్లో మగపిల్లలెవరైనా ఉంటే కిందికి వెళ్ళి రెండో కొస పట్టుకోమనండి. దించగానే నీళ్ళివ్వండి. ఎండాకాలం మజ్జిగ ఉంటే ఇంకా మంచిది. సరుకు బాగాలేకపోయినా అతని మీద కేకలేయడం అన్యాయం. ఏరింది అతను కాదు, ధర వేసింది అతను కాదు, దారి పొడవునా ఎండ మోసింది మాత్రం అతనే. "ఇది మారిపోయింది బాబూ, రిటర్న్ రాసుకుంటావా?" అంటే చాలామంది ఓపిగ్గానే చేస్తారు.

అతను వెళ్ళాక చూసుకునేవి

పప్పులు, రవ్వలు, పిండి ప్యాకెట్లు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ఉప్మా రవ్వ ప్యాకెట్‌ను ఒక పక్కకు వంచితే రవ్వ జారిపోయి లోపలి పొర కనిపిస్తుంది. అక్కడ సాలెగూడు లాంటి సన్నని దారం, దానికి వేలాడుతూ రవ్వ ఉండలు ఉంటే పురుగు పట్టినట్టే. కందిపప్పు, పెసరపప్పు అడుగున పొడి పేరుకుని ఉన్నా అదే అనుమానం. ఇవి విప్పకుండా ఫొటో తీసి రిటర్న్ పెట్టండి. విప్పిన ప్యాకెట్‌కు షాపువాళ్ళు పేచీ పెడతారు. డబ్బాలో పోశారో, పాత సరుకుకూ పాకుతుంది.

సబ్బులు, ఫినాయిల్, అగరుబత్తీలు తినే సరుకుతో కలిపి ఒకే సంచిలో వేస్తే టీపొడి ముందుగా ఆ వాసన పట్టేస్తుంది. ప్యాకెట్‌ను ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసిపోతుంది.

తేదీల దగ్గర కొంచెం ఆగండి. 'బెస్ట్ బిఫోర్' అంటే ఆ రోజు దాకా రుచి, గుణం పూర్తిగా ఉంటాయని. 'ఎక్స్‌పైరీ' లేదా 'యూజ్ బై' అంటే ఆ తర్వాత తినకూడదని. ఇంటికి చేర్చే ఆహార సరుకుల గడువులో కనీసం 30 శాతమో, లేదా 45 రోజులో మిగిలి ఉండేలా చూడాలని 2024 నవంబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) ఈ-కామర్స్ సంస్థలకు చెప్పింది. ఆఫర్‌లో వచ్చిన రెండో ప్యాకెట్ తేదీ ముఖ్యంగా చూడండి. ప్యాకెట్ మీద ఉన్న ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, సరుకు ధర అంతకంటే ఒక్క రూపాయి ఎక్కువ వేయకూడదు. డెలివరీ చార్జీ, ప్యాకింగ్ చార్జీ బిల్లులో విడిగా కనిపించాలి.

కూరగాయలు పెద్దవాళ్ళకే అప్పగించండి. ఏ యాప్ కంటే వాళ్ళ చేతికే బాగా తెలుసు. అయినా రెండు మాటలు. ఆకుకూర కట్టలు కవర్లోంచి వెంటనే తీసి, కట్ట మధ్యలోకి వేలు పోనివ్వండి. వెచ్చగా, జిగటగా తగిలితే లోపల కుళ్ళు మొదలైంది, పైన ఎంత పచ్చగా ఉన్నా సరే. టమాటాలు కవరు అడుగు నుంచి చూడాలి. బంగాళాదుంప పచ్చబారి ఉంటే అందులో సొలనిన్ అనే విషపదార్థం పెరిగి ఉండొచ్చు, తిరిగిచ్చేయండి. దొండకాయ నొక్కితే మెత్తగా ఉందంటే లోపల ఎర్రగా పండిపోయింది. ఉల్లిపాయ మెడ దగ్గర బొటనవేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. వంటింట్లో చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఒకటి కొని పెట్టుకోండి. అరకిలో బెండకాయలు తూచి, త్రాసు మీద ఉండగానే అంకె కనబడేలా ఫొటో తీస్తే తక్కువ వచ్చినప్పుడు వాదన అక్కర్లేదు.

పొద్దున్నే తలుపుకు తగిలించి పోయే పాలసంచికి ఇవేవీ కుదరవు, మనం నిద్రలో ఉంటాం. పిల్లి ఎగిరినా అందని ఎత్తులో, గోడకు దూరంగా కొక్కెం పెట్టించండి. సంచి మూతికి గుండీ కుట్టించండి. ఐదున్నరకు పెట్టిపోతే ఏడున్నర దాకా బయట వదిలేయొద్దు.

డబ్బు ఇచ్చేటప్పుడు

చేతికి డబ్బు ఇచ్చేదైతే బిల్లు మొత్తానికి సరిపడా చిల్లర ముందే కవర్లో పెట్టి, పైన అంకె రాసి అమ్మకు ఇస్తాను. తిరిగిచ్చిన సరుకుల సొమ్ము అందులోంచి తగ్గించి ఇవ్వాలా, తర్వాత ఖాతాలో పడుతుందా అన్నది అతన్నే అడగాలి. క్యూఆర్ స్కాన్ చేస్తే పేరు, సొమ్ము రెండూ గట్టిగా చదివి ఆ తర్వాతే పిన్ నొక్కండి.

రీఫండ్ మాట వచ్చినప్పుడు మాత్రం చాలా జాగ్రత్త. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ నొక్కాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. "సరుకు తిరిగిచ్చారు కదా, డబ్బు వేస్తాం, ఈ లింకు నొక్కండి, ఈ కోడ్ స్కాన్ చేయండి" అని ఫోన్ వస్తే అది మోసం. గూగుల్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేయకండి, యాప్ లోపల గానీ బిల్లు మీద గానీ ఉన్నదానికే చేయండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

తేడా వచ్చినప్పుడు

అదే రోజు చెప్పండి. కూరగాయలు, పాలపదార్థాలకు షాపులు ఇచ్చే గడువు చాలా తక్కువ. మూడు ఫొటోలు తీయండి: సరుకు మొత్తం ఒకటి, పాడైన చోటు దగ్గరగా ఒకటి, తేదీ, బ్యాచ్ నంబరు కనబడేలా ఒకటి. ఖరీదైనవైతే సంచి విప్పేటప్పుడే ఎవరైనా వీడియో తీస్తే మంచిది. చాట్‌లో రాసేటప్పుడు కోపం వద్దు, వివరం చాలు. 'ఆర్డర్‌లో ఇడ్లీ రవ్వ కిలో, వచ్చింది ఉప్మా రవ్వ కిలో, ప్యాకెట్ విప్పలేదు, మార్చండి' అని.

వాళ్ళు పట్టించుకోకపోతే ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం ఆయన పేరు, వివరాలు యాప్‌లో ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. ఆ ఫోన్‌కు ముందు ఆర్డర్ నంబరు, తేదీ, ఎన్నిసార్లు చెప్పారో పక్కన పెట్టుకోండి.

అవి గుర్తుండటానికి అమ్మ గోడ మీది తెలుగు క్యాలెండరే వాడుతుంది. తిథి, నక్షత్రం పక్కన ఖాళీలో దారం కట్టిన పెన్సిలుతో చిన్న అక్షరాలు: 'సరుకులు 5 సంచులు. గుడ్డు 1 పగిలింది. డబ్బు రావాలి.' డబ్బు పడిందని నేను ఫోన్‌లో చెప్పగానే దాని మీద అడ్డంగా ఒక గీత కొడుతుంది.